అయ్యగారి ఇంట్లో మేము

పొద్దున ఐదున్నరకే మా తలుపు కొడతారు. గడియ తీయకముందే వచ్చిందెవరో సగం తెలిసిపోతుంది. గట్టిగా రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటే మొదటి షిఫ్టుకు పోయే మనిషి. డ్యూటీకి ఆలస్యం కాకముందే ఒక మాట చెప్పి పోదామని వస్తాడు. కొట్టకుండా గేటు దగ్గర దగ్గుతూ నిలబడితే రిటైరైన కోల్‌ఫిల్లర్. ఆ దగ్గు మమ్మల్ని పిలవడానికి కాదు, అది ఆగదు. అరచేతితో తలుపు బాదుతూ "అమ్మగారూ, అమ్మగారూ" అంటే ఎవరింట్లోనో మనిషి పోయినట్టు.

మా ఇల్లు బెల్లంపల్లిలో చర్చి ఆవరణలోనే ఉంది. సంఘం వాళ్లు పార్సనేజీ అంటారు, ఆటోవాళ్లు పాస్టర్ బంగ్లా అంటారు. బంగ్లా పేరుకే. రెండు గదులు, ఒక వరండా, గట్టి వాన పడితే మూడు చోట్ల గిన్నెలు పెట్టాల్సిన వంటగది.

'మేము' అని రాస్తున్నందుకు ఒక మాట చెప్పాలి. ఈ పుస్తకానికి రాయమని అడిగినప్పుడు 'నేను' అని మొదలుపెట్టి చూశాం. నాలుగు వాక్యాలు దాటలేదు. సంఘంలో జీతం అయ్యగారి ఒక్కరికే, పని మాత్రం ఇద్దరిది. ఆయన లేనప్పుడు వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, కష్టం విని, నోట్‌బుక్కులో రాసిపెట్టేది మేమే. ఆయన అలసిపోయి వచ్చిన రోజు ఏ మాట ఇప్పుడు చెప్పాలో, ఏది రేపటికి ఆపాలో చూసుకునేది కూడా మేమే. ఇన్నేళ్ల తర్వాత ఏది ఎవరి పనో విడదీయడం మా వల్ల కాలేదు.

మాలో ఒకరు పాస్టరు, ఒకరు టీచరు. ఇద్దరం నాయకపోడ్ బిడ్డలమే. ఆయన తండ్రి అడవి పక్క ఊరు విడిచి బొగ్గుబాయిలో కోల్‌ఫిల్లర్‌గా చేరాడు. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన మనిషి. గని దగ్గరి బస్తీలో పక్కింటివాళ్లతో కలిసి ప్రార్థనకు పోవడం మొదలుపెట్టి, తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. మా వైపు కథ వేరు. మా బాపు లక్ష్మీదేవర పూజారి. దేవర చెక్క ముఖాలున్న పెట్టె మా ఇంట్లోనే ఉండేది. టీటీసీ చదివి టీచర్ ఉద్యోగం వచ్చాక ఈ సంబంధం వచ్చింది. కులపెద్దలు గొణిగారు. బాపు మాత్రం, "పిల్లగాడు తాగడు, మనోడే. దేవుళ్ల సంగతి దేవుళ్లు చూసుకుంటరు తియ్" అన్నాడు. అట్లా పార్సనేజీలో కాపురం పెట్టాం.

మా బడి ఒక గూడెంలో ఉంది. రోజూ ఆటోలో కొంత దూరం, నడిచి కొంత దూరం. బడిలో మేము టీచర్లమే, పాస్టరమ్మలం కాదు. అక్కడ ప్రార్థన అంటే అందరూ కలిసి పాడేదే. అయినా పిల్లలకు అన్నీ తెలుస్తాయి. ఒకసారి మూడో తరగతి పిల్లగాడు, "టీచర్, మీ సారు దయ్యాలను ఎల్లగొడ్తడట కదా" అని అడిగాడు. ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వి, "కరెంటు బిల్లునే ఎల్లగొట్టరాకపాయె, ఇగ దయ్యాలెక్కడివి" అన్నాడు.

పాస్టర్ పని అంటే ఆదివారం ప్రసంగమే అనుకుంటారు చాలామంది. మేమూ పెళ్లికి ముందు అట్లాగే అనుకున్నాం. ఆదివారానిది వారంలో చిన్న భాగం. పట్నంలో ఒక చర్చి, దాని కింద పల్లెల్లో ఏడు చిన్న సంఘాలు. ఒకటి తాండూర్ వైపు, మరొకటి నెన్నెల దారిలో, రెండు కాసిపేట వైపు, ఇట్లా చెల్లాచెదురుగా ఉంటాయి. కొన్నిచోట్ల ఉపదేశి ఉంటాడు, కొన్నిచోట్ల ఒక ముసలమ్మే పాటలు ఎత్తుకుని కూటం నడిపిస్తుంది. వారం రోజులూ ఆ ఊర్లకు మోటర్‌సైకిల్ మీద తిరగడమే అసలు పని. జబ్బుపడినవాళ్ల దగ్గర కూర్చోవడం, అన్నదమ్ముల గట్టు పంచాయితీలో మధ్య మనిషిగా నిలబడటం, పింఛను ఆగిన వితంతువు వెంట మండలాఫీసుకు పోవడం, ప్రమాదంలో చేయి పోయిన పిల్లగానికి మెడికల్ బోర్డు కాగితాలు నింపిపెట్టడం, ఇవన్నీ ఆ పనిలోవే. సోమవారం పాస్టర్లకు సెలవు అంటారు. మా ఇంట్లో ఇంకా ఆ సోమవారం రాలేదు.

ఆదివారం గురించి ఒక సంగతి చెప్పాలి. బొగ్గుగనుల మీద బతికే ఊరి సంఘం వేరే ఊర్ల సంఘంలా ఉండదు. సింగరేణిలో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు. అది దొరికితే రెట్టింపు కూలి. అందుకే మా చర్చిలో ఆడవాళ్ల వైపు నిండుగా, మగవాళ్ల వైపు పలచగా ఉంటుంది. కొత్తలో ఆయన విశ్రాంతి దినం గురించి గట్టిగా ప్రసంగం చేశాడు. ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మ గుమ్మం దగ్గర ఆపి, "అయ్యగారూ, మా పిల్లగాని ప్లేడే పైసలే కదా సంచిలేసిన" అంది. ఆ పెద్దమ్మకు జవాబు దొరకలేదు. ఆ తర్వాత నుంచి బుధవారం సాయంత్రం మూడింటి షిఫ్టు దిగినవాళ్ల కోసం వాళ్ల బస్తీలోనే చిన్న కూటం పెట్టాడు. బొగ్గు పోని గోళ్లతోనే వచ్చి కూర్చుంటారు. కొందరు పాట మధ్యలో నిద్రపోతారు. ఎవరూ లేపరు.

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం 1920ల చివరికి బెల్లంపల్లికి వచ్చింది. దాని వెంట ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. ఇప్పుడు భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, ఓపెన్‌కాస్టులు మిగిలాయి. వాటికి మనుషుల కంటే మిషన్లు ఎక్కువ కావాలి. ఖాళీ అయిన క్వార్టర్లలో తుమ్మలు మొలిచాయి. మా కుటుంబాల రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో 'హైదరాబాద్', 'గోదావరిఖని' అని రాసిన పేర్లు పేజీ పేజీకీ పెరుగుతున్నాయి. క్రిస్మస్‌కు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చేవాళ్లతో చర్చి నిండుతుంది. జనవరి రెండో వారానికి మళ్లీ ముసలివాళ్లే మిగులుతారు.

ఏడాదిలో మాకు ఎక్కువ ఇష్టమైనది కోత పండుగ. పల్లె సంఘాల వాళ్లు వడ్లు, మక్కలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తారు. ఆరాధన కాగానే వేలం. పత్తి పండించేవాళ్లు పత్తి ఎట్లా తెస్తారని ఎదురుచూస్తే, ఒకాయన పత్తితో కుట్టిన దిండు తెచ్చాడు. ఒక ఏడాది ఒక సొరకాయ మూడు వందలకు పోయింది. కొన్న రిటైర్డ్ కార్మికుడు దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చాడు, మళ్లీ వేలం వేశారు, మళ్లీ ఇంకొకాయన కొని ఇచ్చాడు. సాయంత్రానికి ఆ సొరకాయ పన్నెండు వందలు సంపాదించి మా వంటింటికి చేరింది. కోసి చూస్తే ముదిరిపోయి ఉంది. వేలం లెక్కలు రాసేది మేమే. బడిలో మధ్యాహ్న భోజనం రిజిస్టర్ రాసి రాసి అలవాటైన చెయ్యి కదా. ఐదు రూపాయలు తేడా వచ్చినా రాత్రి పదింటి దాకా కూర్చుంటాం. ఆ ఐదు రూపాయలు తెచ్చిన మనిషి ముఖం మాకు తెలుసు మరి.

ఒకసారి సండేస్కూల్‌లో ఒక అమ్మాయి, "అమ్మగారూ, ఆడవాళ్లు అయ్యగారు కారాదా?" అని అడిగింది. కావచ్చని చెప్పాం. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారని చెప్పాం. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మరి ఆమె ఇంటాయనను ఏమంటరు?" అంది. దానికి మా దగ్గర సమాధానం లేదు.

మనవాళ్ల పిల్లలు, అంటే ఆదివాసీ యువకులు, మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒక్కటే. "మీరు ఇంకా మనోళ్లేనా?" కొందరు ఎగతాళిగా అడుగుతారు, కొందరు నిజంగానే తెలుసుకోవాలని. కాగితం మీది జవాబు తేలిక. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం ఊసు లేదు. ఏ దేవుణ్ని మొక్కినా గోండు గోండే, కోలాం కోలామే, నాయకపోడ్ నాయకపోడే. టీచర్లు ఈ మాట పిల్లలకు సరిగ్గా చెప్పాలి, తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి. కానీ అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. మా సంఘంలో ఎక్కువమంది దళితులే. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఒకే పాట పాడిన ఇద్దరికి, బయట రెండు చట్టాలు.

ఆ తేడా మా అల్మారాలోని బాప్తిస్మపు రిజిస్టర్ తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది. అందులో పేరు రాయడం అంటే ఒక ఇంటి భవిష్యత్తు మీద చేయి వేయడం. ఒక తల్లి బిడ్డ నర్సింగ్ సీటు సంగతి తేలేదాకా బాప్తిస్మం ఆపమని ఏడుస్తూ వచ్చింది. ఆయన, "నీళ్లు ఎక్కడికీ పోవమ్మా" అని పంపించాడు. ఇది సరైనదా కాదా అని ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏమీ తేలలేదు. మాకు ఏ నష్టమూ లేని చోట నిలబడి వాళ్లకు ధైర్యం చెప్పడం మాత్రం మాకు ఎప్పుడూ ముల్లులానే ఉంటుంది.

ఇక బాపు సంగతి.

బాపుకు షుగర్. కాలి వేలికి పుండు పడి మానలేదు. వానాకాలం మా ఊరి వాగు పొంగితే రోజుల తరబడి దారి ఉండదు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయించాలన్నారు డాక్టర్లు. అందుకని ఆషాఢంలో ఆయనను మా ఇంటికి తెచ్చుకున్నాం. వరండాలో మంచం వేశాం. మొదట్లో మొహమాటపడ్డాడు. అయ్యగారి కోసం వచ్చినవాళ్లు వరండాలో కూర్చుంటే లేచి నిలబడేవాడు. తర్వాత వాళ్లతో ముచ్చట పెట్టడం మొదలైంది. ఎవరి ఎద్దుకు ఏమైందో, ఎవరి కోడలు అలిగి పోయిందో మాకన్నా ముందు బాపుకు తెలిసేది. ఒకరోజు ఆయన పల్లెల నుంచి వచ్చేసరికి వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. "మీకోసం వచ్చినం గని, ముసలాయనకు చెప్పుకున్నం, సాలు" అని లేచిపోయారు.

బాపు మా ఊళ్లో చేసిందీ అదే. మేము చిన్నప్పుడు చూసినది అదే. విత్తనం వేసే ముందు వస్తారు. పిల్లకు జ్వరం తగ్గకపోతే వస్తారు. ఆవు తప్పిపోతే వస్తారు. ఎవరెవరికి మాటలు లేవో పూజారికి తెలిసి ఉండాలి. కొలుపు నాడు దేవర ముందు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాలి కదా. జీతం లేదు. కొన్ని వడ్లు, కోసిన కోడిలో ఒక వాటా. సంఘం పనీ పూజారి పనీ ఒకటేనని మేము అనం. బాపు ప్రసంగం చేయడు, ఎవర్నీ తన దేవర దగ్గరికి రమ్మని పిలవడు. కానీ అర్ధరాత్రి తలుపు కొడితే లేచే పద్ధతి మాత్రం మాకు అత్తగారింట్లో కొత్తగా నేర్పాల్సి రాలేదు.

పొద్దున్నే బాపు ఒక చెంబుతో నీళ్లు పట్టుకుని, కుంటుకుంటూ చర్చి వెనక వేపచెట్టు దగ్గరికి పోయేవాడు. చెట్టు మొదట్లో నీళ్లు పోసి, కాసేపు నిలబడి వచ్చేవాడు. మేము చూసీ చూడనట్టు ఉన్నాం. చెట్టుకు నీళ్లు పోస్తే ఎవరికేం నొప్పి. శ్రావణం ముగిసే అమావాస్య నాడు మాత్రం ఆ మొదట్లో పసుపు, కుంకుమ కనిపించాయి. మా వంటింటి పసుపే. కుంకుమ ఎక్కడిదో మాకిప్పటికీ తెలియదు.

ఆ శనివారం కమిటీ మా ఇంట్లోనే కూర్చుంది. మేము లోపల చాయ్ పెడుతున్నాం. కార్యదర్శి నెమ్మదైన మనిషి, గొంతు ఎత్తడు. "మీ మామగారంటే మాకు గౌరవమే అయ్యగారూ. కానీ ఇది చర్చి ఆవరణ. పిల్లలు అడుగుతున్నరు. ఏం చెప్పాలె?" అన్నాడు.

ఆయన డోర్నకల్ సంగతి ఎత్తుకున్నాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తిరునెల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో పెద్ద చర్చి కట్టించాడు. 1939లో ప్రతిష్ఠ చేశారు. దానికి గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసి ఉంటాయి. ఈ దేశంలో చర్చి ఈ దేశంలాగే ఉండాలన్నది ఆయన ఆలోచన. "ఆయన గుడి స్తంభాలను లోపలికి తెచ్చిండు. మనం ఒక ముసలాయనను చెట్టు కింద నిలబడనియ్యమా?" అన్నాడు.

కార్యదర్శి కొంచెంసేపు ఆగి, "అది రాయి అయ్యగారూ. ఇది పూజ" అన్నాడు.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మేము చాయ్ తెచ్చి ఇచ్చాం. కార్యదర్శి కప్పు తీసుకుంటూ మా వైపు చూడలేకపోయాడు. ఆ మాటకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. కానీ ఆయన ఇంటి కథ మాకు తెలుసు. వాళ్ల తాతను ఊళ్లో గుడి మెట్లు ఎక్కనివ్వలేదు. డప్పు కొట్టడానికి పిలిచి, కొట్టాక దూరంగా నిలబెట్టారు. ఈ చర్చి ఆవరణ వాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా లోపలికొచ్చిన మొదటి స్థలం. చెట్టు మొదట్లో పసుపు కుంకుమ చూస్తే మాకు బాపు చేతులు కనిపిస్తాయి. ఆయనకు ఆ మెట్లు కనిపిస్తాయి. మా అడవిలో దేవర దగ్గర ఎవరూ మమ్మల్ని దూరం నిలబెట్టలేదు. ఆ సంగతి మరిచిపోయి ఆయన మీద కోపం తెచ్చుకోవడం మాకు తేలిక.

వరండాకూ ముందు గదికీ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమే. బాపు అన్నీ విన్నాడు.

మర్నాడు ఆదివారం. ఆరాధన ముగిసి మేము ఇంటికి వచ్చేసరికి బాపు సంచి సర్దుకుని కూర్చున్నాడు. "వాగు తగ్గింది బిడ్డా, పోతా" అన్నాడు. వాగు తగ్గలేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఉండమని చాలా అడిగాం. "మందులు రాసిచ్చిరి కదా, మీ తమ్ముడు కడుగుతడు" అన్నాడు. తర్వాత వెళ్లి చూస్తే వేపచెట్టు మొదలు శుభ్రంగా కడిగి, పేడతో అలికి ఉంది. పుండు కాలుతో వంగి ఎట్లా అలికాడో.

ఆయనే మోటర్‌సైకిల్ మీద ఊరికి దిగబెట్టాడు. వాగు దగ్గర బండి ఆపి, బాపును భుజాన ఎత్తుకుని దాటించాడట. వాగు మధ్యలో బాపు, "నీకూ కమిటీ ఉన్నదా అల్లుడా?" అని అడిగాడట. ఉందన్నాడు. "మాకూ ఉంటది. దేవరకు చెప్పుకోవచ్చు గని, కులపెద్దలకు చెప్పుడు కష్టం" అన్నాడట. ఇది చెప్పి ఆయన నవ్వాడు. మేము నవ్వలేకపోయాం.

వాగు మళ్లీ వచ్చింది. డ్రెస్సింగ్ పదకొండు రోజులు ఆగింది. దసరా సెలవుల్లో తీసుకొచ్చి దవాఖానలో చేర్పిస్తే రెండు వేళ్లు తీసేశారు. అప్పుడు కూడా మా ఇంటికి రానన్నాడు. దవాఖాన నుంచి నేరుగా ఊరికే పోయాడు. ఆ రోజు గట్టిగా పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాం. వాదించి ఆపొచ్చు. పార్సనేజీ మా సొంత ఇల్లు కాదు, అది బాపుకు మాకన్నా ముందు అర్థమైంది.

చలికాలంలో బాపు పోయాడు. పొద్దున నాలుగింటికి ఫోన్. ఆ రోజు ఆయనకు వేరే ఊళ్లో పెళ్లి జరిపించాల్సి ఉంది. పక్క సంఘం పాస్టరును బతిమాలి ఆ పెళ్లికి పంపి, ఇద్దరం బయలుదేరాం. దారిలో ఆయన, "తెల్ల అంగీ తేలేదు" అన్నాడు. మరిచిపోయాడా, కావాలనే తేలేదా అని మేము అడగలేదు.

ఊళ్లో మమ్మల్ని చూసి కొందరు పక్కకు జరిగారు. పూజారి పాడె పట్టడానికి పాస్టరు అల్లుణ్ని రానియ్యాలా వద్దా అని పెద్దలు ఒక చెట్టు కింద మాట్లాడుకున్నారు. ఆయన ఏమీ అనకుండా తుండుగుడ్డ నడుముకు కట్టుకుని, కట్టెలు మోసేవాళ్లలో కలిసిపోయాడు. చివరికి మా మేనమామ వచ్చి, "అల్లుడు అల్లుడే" అని పాడె ఒక మూల ఆయన భుజం మీద పెట్టాడు. ఊరివాళ్లు చేయాల్సినవి చేశారు. పిల్లనగ్రోవి వాయించారు. గుంతలో మట్టి వేశాక ఒక పెద్దమనిషి ఆయన వైపు తిరిగి, "నీ ప్రార్థన ఏమన్న ఉంటే చేసుకో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. "మామ అడగలే కదా. నేను అల్లునిగా వచ్చిన" అన్నాడు ఆయన.

అప్పుడు తల ఎత్తి చూస్తే, జనం వెనక, తుమ్మచెట్టు పక్కన కార్యదర్శి నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో, ఎట్లా వచ్చాడో తెలియదు. స్త్రీల మైత్రి నుంచి ఇద్దరు అక్కలు బియ్యం సంచితో వచ్చారు. అందరూ అయ్యాక ఆయన ముందుకు వచ్చి, వంగి, ఒక పిడికెడు మట్టి వేశాడు. ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టి మేము తిరిగి వచ్చాం.

తర్వాతి నెల కమిటీలో మళ్లీ ఒకరు అడిగారు, మామగారి సమాధి దగ్గర అయ్యగారు ఎందుకు ప్రార్థన చేయలేదని. పూజ అయితే ఎందుకు చేశావని, ప్రార్థన కాకపోతే ఎందుకు చేయలేదని, రెండూ అడుగుతారు. ఈసారి జవాబు కార్యదర్శే ఇచ్చాడు. "నేను అక్కడున్న. అయ్యగారు పాడె మోసిండు" అన్నాడు. నోట్‌బుక్కులో ఆ అంశం మీద ఏమీ రాయలేదు. తర్వాతి అంశం చర్చి పైకప్పు రేకులు.

దేవర పెట్టె ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ఉంది. తమ్ముడు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కింద లారీ నడుపుతాడు. పన్నెండు గంటల డ్యూటీ. ఎవరైనా తలుపు కొట్టినా ఇంట్లో దొరకడు. "నాతోని కాదక్కా, ఏడాదికి ఒకసారి జాతరకైతే తీసుకపోత" అన్నాడు. ఊళ్లో ఇప్పుడు పిల్లకు జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి, గొడవైతే పోలీస్‌స్టేషన్‌కు పోతున్నారు. మధ్యలో ఎవరికీ చెప్పుకోలేనివి ఎక్కడికి పోతున్నాయో మాకు తెలియదు. ఒకటి రెండు మా తలుపు దగ్గరికి వస్తున్నాయి. బాప్తిస్మం తీసుకోని మనవాళ్లే, అరవై డెబ్బై రూపాయల చార్జీ పెట్టుకుని వచ్చి, వరండాలో బాపు మంచం ఉన్నచోట కూర్చుని, చెప్పుకుని పోతారు. ప్రార్థన చేయమంటావా అని ఆయన అడుగుతాడు. కొందరు చేయమంటారు, కొందరు చాయ్ తాగి పోతారు.

ఈ మాఘంలో మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర గాంధారి మైసమ్మ జాతర. మన నాయకపోడ్‌ల జాతర. సదర్ల భీమన్నను తీసుకొచ్చేది, గాంధారి ఖిల్లా కింద రాత్రంతా వాయిద్యాలు మోగేది అక్కడే. తమ్ముడు సెలవు పెట్టుకున్నాడు. మా చిన్నోడు తొమ్మిదో తరగతి. మేనమామతో పోతానన్నాడు. తాత పిల్లనగ్రోవి తనకు ఇస్తానన్నాడట మామ. కమిటీలో ఏమంటారో అని మేము భయపడ్డాం. ఆయన మాత్రం ఏమీ అనకుండా శనివారం పిల్లగాణ్ని బండి మీద ఎక్కించుకున్నాడు. స్వెటర్ పెట్టావా, పైసలు ఏ జేబులో పెట్టుకున్నావ్ అని మేము గేటు దాకా అడుగుతూనే ఉన్నాం.

బొక్కలగుట్ట దగ్గర పిల్లగాణ్ని తమ్ముడికి అప్పజెప్పి, అక్కడ పది నిమిషాలు నిలబడి, ఆయన ఆరింటి కూటానికి తిరిగి వచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి. కడుక్కోమని నీళ్లిస్తే, టైం లేదని అట్లాగే చర్చిలోకి పోయాడు.